కాటిసీనులో కంబళి

నెగటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. పన్నెండో ఫ్రేము. హరిశ్చంద్రుడి ముఖం నల్లగా, దట్టంగా పడింది. అంటే ప్రింటులో తెల్లగా, నిండుగా వస్తుంది. ఎత్తిన చెయ్యి ఉంది, చేతిలో కర్ర ఉంది. భుజం దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. కంబళి ఉండాల్సిన చోట ఫిల్ము అద్దంలా ఉంది. దాని గుండా అవతలి వేపకొమ్మ కనబడుతోంది.

అంతకు రెండు రోజుల ముందు శివరాత్రి. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో గుడి ముందు పందిరి వేసి పద్యనాటకం ఆడారు. కాటిసీను మొదలయ్యేసరికి రాత్రి రెండు దాటింది. అప్పటిదాకా తూగుతున్న జనం లేచి కూర్చున్నారు. వేదిక మీద ఒక మూల ట్యూబులైటు, మరో మూల ఎర్ర జిలటిన్ కాగితం చుట్టిన బల్బు. ఆ ఎర్ర బల్బే చితి. నల్ల కంబళి కప్పుకుని కాటికాపరిగా హరిశ్చంద్రుడు వచ్చి నిలబడ్డాడు. నా కెమెరాలో ఉన్నది ఇల్ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్, 400 వేగం ఉన్న నలుపు తెలుపు ఫిల్ము.

లెన్సును ఎఫ్ 2 దాకా తెరిచి మీటరు చూస్తే షట్టరు 30వ వంతు సెకను అని చెప్పింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇదే ఫిల్ముకు ఎఫ్ 16 దగ్గర 400వ వంతు సెకను సరిపోతుంది. లెక్క వేస్తే ఆ వేదిక మీద ఉన్న వెలుగు మధ్యాహ్నపు ఎండలో దాదాపు వెయ్యో వంతు. మన కన్ను సర్దుకుపోతుంది గనక ఆ తేడా మనకు తెలియదు. ఫిల్ముకు సర్దుకోవడం రాదు. 30వ వంతు సెకనులో నటుడు చెయ్యి విసిరితే ఆ చెయ్యి పొగలా వస్తుంది. అందుకని అందరూ చేసేదే నేనూ చేశాను. మీటరును 1600కి తిప్పి, 125వ వంతు సెకనుతో రీలంతా కొట్టాను. ఫిల్ముకు అందాల్సిన వెలుగులో నాలుగో వంతే ఇచ్చి, మిగతాది కడిగేటప్పుడు రాబట్టుకోవచ్చనుకున్నాను. దీన్నే పుష్ చెయ్యడం అంటారు.

ముఖం వచ్చింది, కంబళి రాలేదు. ఎందుకో తెలియాలంటే ఫిల్ము లోపలికి వెళ్ళాలి.

ఫిల్ము మీద ఉండే పూత జిలటిన్. అందులో కంటికి కనబడనంత చిన్న సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు, కొద్దిగా అయొడైడ్ కలిసి, చెదిరి ఉంటాయి. వేగం ఎక్కువున్న ఫిల్ములో ఒక్కో స్ఫటికం సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని మీద వెలుగు కణం, అంటే ఫోటాన్, పడితే లోపల ఒక ఎలక్ట్రాన్ విడిపోతుంది. అది తిరిగి తిరిగి స్ఫటికంలో ఎక్కడో ఒక లోపం దగ్గర చిక్కుకుంటుంది. రుణావేశం గనక దగ్గర్లో తిరుగుతున్న వెండి అయాన్‌ను లాక్కుంటుంది. ఆ రెండూ కలిస్తే ఒక వెండి పరమాణువు. ఈ వరసను 1938లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ వివరించారు.

ఆ ఒంటరి పరమాణువు నిలవదు. రెండో ఎలక్ట్రాన్ త్వరగా రాకపోతే మళ్ళీ విడిపోయి, వెలుగు తగలనట్టే అయిపోతుంది. రెండు పరమాణువులు పక్కపక్కన చేరితే నిలుస్తాయి, కానీ డెవలపర్ వాటిని ఇంకా గుర్తించదు. సుమారు నాలుగు చేరితేనే ఆ స్ఫటికం కడగడానికి తయారైనట్టు. వందల కోట్ల వెండి అయాన్లున్న స్ఫటికం భవిష్యత్తును నాలుగు పరమాణువులు తేలుస్తాయి. ఈ శాస్త్రంలో నన్ను ఎప్పటికీ వదలని విషయం ఇది. రీలు కెమెరాలో ఉండగా అందులో బొమ్మంటూ ఏదైనా ఉంటే అది ఈ నాలుగేసి పరమాణువుల గుంపులే. ఏ సూక్ష్మదర్శినిలో పెట్టినా ఫిల్ము కొత్తదానిలాగే ఉంటుంది.

వేగం ఎక్కువున్న ఫిల్ములో గ్రెయిన్ పెద్దగా ఎందుకు కనబడుతుందో కూడా ఇక్కడే తేలుతుంది. చిన్న స్ఫటికానికైనా పెద్ద స్ఫటికానికైనా కావాల్సింది ఆ నాలుగు పరమాణువులే. వానలో గిన్నె పెట్టినా గంగాళం పెట్టినా వాన ఒకటే, పట్టే నీళ్ళు మాత్రం మూతి వెడల్పును బట్టి. మసక వెలుగులో కూడా పెద్ద స్ఫటికం తనకు కావాల్సిన ఫోటాన్లు పట్టేస్తుంది. పట్టాక మొత్తం వెండిగా మారుతుంది కనక పెద్ద చుక్క అవుతుంది. 1986లో కొడాక్ టి-మాక్స్ ఫిల్ములు తెచ్చినప్పుడు ఈ బేరాన్ని కొంత మార్చింది. వాటిలో స్ఫటికాలు గులకరాళ్ళలా కాకుండా పలకల్లా ఉంటాయి. వెడల్పు ఎక్కువ, మందం తక్కువ. తక్కువ వెండితో ఎక్కువ వాన పట్టే పళ్ళేలన్నమాట.

ఎలక్ట్రాన్ చిక్కుకునే ఆ లోపం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు మన పోపులపెట్టెలో ఉంది. ఫిల్ము జిలటిన్‌ను పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీస్తారు. 1920లలో రోచెస్టర్‌లోని కొడాక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ ఒక చిక్కును పట్టుకున్నారు. అన్నీ ఒకేలా చేసినా కొన్ని జిలటిన్లతో పూత చురుగ్గా వస్తోంది, కొన్నిటితో మందంగా వస్తోంది. తేడా ఆ జిలటిన్‌లో అతిసూక్ష్మంగా ఉన్న గంధకపు పదార్థాలదని ఆయన తేల్చారు. పశువులు మేసిన ఆవజాతి మొక్కల నుంచి, ఆవనూనెలో ఘాటునిచ్చే పదార్థం లాంటివి వాటి ఒంట్లోకి, అక్కణ్ణుంచి జిలటిన్‌లోకి చేరాయి. ఆ గంధకం స్ఫటికం ఒంటి మీద అక్కడక్కడ సిల్వర్ సల్ఫైడ్ మచ్చలు వేస్తుంది. ఎలక్ట్రాన్‌కు వల ఆ మచ్చే. ఆ తర్వాత ఫిల్ము తయారీదారులు గంధకాన్ని కొలిచి కలపడం నేర్చుకున్నారు, 1936 నుంచి బంగారు లవణాలు కూడా చేరాయి. ఆవాల ఘాటు, రవ్వంత బంగారం. ఇవి లేకపోతే రాత్రిపూట నాటకాన్ని ఫొటో తియ్యడమనే మాటే ఉండదు.

ఇక కడగడం. డెవలపర్ చేసేది చిత్రమైన పని. అది ఫిల్ములోని స్ఫటికాలన్నిటి మీదికీ వెళుతుంది. నాలుగు పరమాణువుల గుంపు ఉన్నచోట ఆ గుంపును ఆధారం చేసుకుని ఎలక్ట్రాన్లను అందిస్తుంది, ఆ స్ఫటికం మొత్తం నల్లటి వెండి అవుతుంది. గుంపు లేని స్ఫటికాన్ని వదిలేస్తుంది. నాలుగు పరమాణువులను వందల కోట్లు చేసే పెంపకం ఇది. 1927లో కొడాక్ నుంచి వచ్చిన డి-76 సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: లీటరు నీళ్ళకు 2 గ్రాముల మెటాల్, 100 గ్రాముల సోడియం సల్ఫైట్, 5 గ్రాముల హైడ్రోక్వినోన్, 2 గ్రాముల బోరాక్స్. ఇల్ఫర్డ్ వారి ఐడి-11 దాదాపు ఇదే. మెటాల్ ముందు అందుకుని పని చేస్తుంది, హైడ్రోక్వినోన్ దాన్ని మళ్ళీ తాజాగా చేసి పనికి పంపుతుంది. బోరాక్స్ క్షారగుణం ఇచ్చి పని నడిపిస్తుంది. ఎక్కువ భాగం ఉన్న సల్ఫైట్ ద్రావణం చెడిపోకుండా కాస్తుంది.

హెచ్‌పి5 ప్లస్‌ను 400 దగ్గర తీస్తే ఐడి-11లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. 800కి పదిన్నర, 1600కి 14 నిమిషాలు. నేను 14 నిమిషాలూ కడిగాను. ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్ల లోపు నాలుగుసార్లు ట్యాంకును తిరగేశాను. గడియారం తప్పలేదు, థర్మామీటరు తప్పలేదు.

ఆ అదనపు ఆరున్నర నిమిషాల్లో ఏం జరిగింది? ముఖం మీద వెలుగు పడింది కాబట్టి ఆ చోట ఫిల్ములో గుంపు చేరిన స్ఫటికాలు చాలా ఉన్నాయి. ఏడున్నర నిమిషాలకు వాటిలో కొన్ని సగం పెరిగి ఉంటాయి, కొన్ని అప్పుడే మొదలుపెట్టి ఉంటాయి. ఇంకా టైమిస్తే అవన్నీ నల్లబడతాయి. కంబళి చోట సంగతి వేరు. అక్కడ ఒక్కో స్ఫటికానికి ఒక ఫోటానో, రెండు ఫోటాన్లో అందాయి. చాలావాటికి అదీ లేదు. గుంపు చేరనే లేదు. 14 కాదు, 40 నిమిషాలు ఉంచినా డెవలపర్‌కు అక్కడ పట్టు దొరకదు. మరీ ఎక్కువసేపు ఉంచితే వెలుగు తగిలినవీ తగలనివీ తేడా లేకుండా అన్నీ కొద్దికొద్దిగా నల్లబడి పొగ కమ్ముకుంటుంది. పొగలో కంబళి నేత కనబడదు.

నాకు డార్క్ రూమ్ పని నేర్పిన స్టూడియో మాస్టారికి ఆ నెగటివ్ చూపించాను. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వారు తయారుచేసిన ఇందు రీళ్ళు కడిగి కడిగి వేళ్ళు గోధుమరంగుకు తిరిగిన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫిల్మును కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కటే మాటన్నారు.

"విత్తనం పడని మడికి నీళ్ళు పెట్టావు బాబూ."

ఆయన ఒక్క మాటలో చెప్పిందాన్ని గీత గీసి చూపించినవాళ్ళు ఇద్దరున్నారు. స్విట్జర్లాండు నుంచి వచ్చిన రసాయనవేత్త ఫెర్డినాండ్ హర్టర్, ఇంగ్లీషు ఇంజనీరు వీరో చార్లెస్ డ్రిఫీల్డ్. ఇంగ్లండులో విడ్నెస్ అనే రసాయన పరిశ్రమల ఊళ్ళో ఉద్యోగాలు చేస్తూ, తీరిక వేళల్లో ఫొటోగ్రఫీని కొలతల్లోకి తెచ్చారు. 1890లో తమ ఫలితాలు ప్రచురించారు. అడుగున వెలుగు, పక్కన నలుపు పెట్టి గీస్తే సాగదీసిన ఎస్ ఆకారంలో ఒక వంపు వస్తుంది. అడుగుభాగం దాదాపు చదునుగా ఉండి మెల్లగా లేస్తుంది. నీడలు పడేది అక్కడే. తర్వాత ఏటవాలుగా ఎక్కుతుంది. ఎక్కువసేపు కడిగితే ఆ ఎక్కుడు నిటారుగా అవుతుంది, అంటే కాంట్రాస్టు పెరుగుతుంది. అడుగుభాగం మాత్రం ఉన్నచోటు నుంచి పెద్దగా కదలదు. తలుపు గడియ దగ్గర తోస్తే తలుపంతా తిరుగుతుంది, మడతబందు మాత్రం అక్కడే ఉంటుంది. పుష్ చెయ్యడమూ అలాంటిదే.

ఫిల్ము వేగాన్ని కొలిచేది ఆ మడతబందు దగ్గరే. వెలుగు తగలని ఫిల్ము నలుపు కంటే 0.1 సాంద్రత ఎక్కువగా ఎక్కడ కనబడుతుందో చూసి ఐ.ఎస్.ఓ. అంకె కడతారు. మీటరు మధ్యస్థంగా తీసుకునే బూడిదరంగుకు అందే వెలుగులో సుమారు పదో వంతు అందినచోట ఆ బిందువు ఉంటుంది. ఇప్పుడు నా పన్నెండో ఫ్రేము లెక్క చూడండి. మధ్యస్థ బూడిదరంగు తన మీద పడ్డ వెలుగులో 18 శాతం తిప్పి పంపుతుంది. నల్ల ఉన్ని కంబళి పంపేది అందులో ఐదో వంతు అనుకుందాం. 400 దగ్గర తీసి ఉంటే ఆ ఐదో వంతు, పదో వంతు గీతకు పైనే ఉండేది, నేత కనబడేది. నేను ఫిల్ముకు నాలుగో వంతు వెలుగే ఇచ్చాను. ఐదో వంతులో నాలుగో వంతు, ఇరవయ్యో వంతు. గీతకు కింద పడిపోయింది. కంబళి పోయింది కడగడంలో కాదు, షట్టరు టక్కుమన్న ఆ క్షణంలో. అప్పటికి నాకు తెలియలేదు, అంతే.

అందుకని పెట్టె మీది అంకెను కాస్త నిదానంగా చదవాలి. కొడాక్ వారి ట్రై-ఎక్స్ ఫిల్ము 1954లో 35 మిల్లీమీటర్ల రీలుగా వచ్చినప్పుడు దాని వేగం 200 అని రాశారు. 1960లో అది 400 అయింది. అమెరికా ప్రమాణంలో అంతకుముందు జాగ్రత్త కోసం ఉంచిన ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుగు) మిగులును తీసేశారు గనక అంకె పెరిగింది. అంటే కొంచెం తక్కువ వెలుగిచ్చినా ఫిల్ము ఓర్చుకోవడం పాతకాలంలో ఉన్న ఆ మిగులు వల్లనే. అది ఇప్పటి అంకెలో లేదు. కొడాక్ 1988లో టి-మాక్స్ పి3200 తెచ్చింది, 2012లో ఆపి 2018లో మళ్ళీ తెచ్చింది. ఇల్ఫర్డ్ వారి డెల్టా 3200 1998 నుంచి ఉంది. రెండింటి అసలు వేగం 1000 దరిదాపుల్లోనే. 3200 అనేది పుష్ చేసి వాడుకోవలసిన అంకె, కొడాక్ పేరులోని 'పి' అక్షరానికి అర్థం అదే. ఈ ఫిల్ములు కాంట్రాస్టు తక్కువగా వచ్చేలా తయారవుతాయి, ఎక్కువసేపు కడిగినా వెలుగు భాగాలు దిమ్మెకట్టవు. మంచి ఫిల్ములు, నాకు ఇష్టమైనవి. కానీ పెట్టె మీది 3200ను నమ్మి నల్ల కంబళి తీస్తే ఇదే పన్నెండో ఫ్రేము వస్తుంది. డెవలపర్ మార్చితే కొంత దక్కుతుంది. మెటాల్ బదులు ఫెనిడోన్ ఉన్న మైక్రోఫెన్ లాంటివి నీడల్లో అర స్టాపు దాకా నిజంగానే తెస్తాయి. రెండు స్టాపులు తెచ్చే డెవలపర్ లేదు.

ఎర్ర బల్బు సంగతి కూడా చెప్పాలి. సిల్వర్ బ్రోమైడ్ సహజంగా చూడగలిగేది నీలి వెలుగునే. 1873లో జర్మనీలో హెర్మాన్ ఫోగెల్ కొన్ని రంగులు కలిపితే అది పచ్చను కూడా చూస్తుందని కనిపెట్టారు. తర్వాత ఎరుపు దాకా చూపు పెరిగి పాంక్రొమాటిక్ ఫిల్ములొచ్చాయి. అందుకే ఈ రీలును ట్యాంకులోకి ఎక్కించేటప్పుడు ఎర్ర దీపం కూడా పనికిరాదు, చీకట్లో చేతి స్పర్శతోనే చెయ్యాలి. అయితే ముదురు ఎరుపు దగ్గర ఈ ఫిల్ము చూపు మందగిస్తుంది. మీటరు మాత్రం ఆ ఎరుపును కూడా వెలుగు కింద లెక్కేస్తుంది. చితి వైపు కంబళి అంచు కంటికి బాగానే కనబడింది, మీటరుకూ బాగానే కనబడింది, ఫిల్ముకు ఇంకా చీకటిగా కనబడింది.

మన ఎండల్లో కడగడం గురించి కూడా ఒక మాట. పుస్తకాల్లో ఉండేది 20 డిగ్రీలు. మేలో మన కుళాయి నీళ్ళు 33, 34 ఉంటాయి. వేడి పెరిగితే డెవలపర్ చురుకవుతుంది, ఎక్కువసేపు కడగాల్సిన పుష్ రీళ్ళకు ఇది కొంత నయమే. 20 దగ్గర 14 నిమిషాలు పట్టేది 24 దగ్గర సుమారు పది నిమిషాల్లో అయిపోతుంది. అంతకు మించితే జిలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఒక వేసవిలో డెవలపర్‌ను మంచుముక్కల సంచితో 20కి తెచ్చాను, నల్లబడని స్ఫటికాలను కరిగించే హైపోను కూడా తెచ్చాను, చివర్న కడిగే నీళ్ళను మరిచిపోయి మిద్దె మీది ట్యాంకు కుళాయి తిప్పాను. ఆరాక చూస్తే ఆకాశం ఉన్న ప్రతి ఫ్రేములో ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు. చల్లటి నీళ్ళ నుంచి ఒక్కసారిగా వేడినీళ్ళలో పడ్డ జిలటిన్ ముడతపడిపోయింది. అప్పటి నుంచి నాలుగు బక్కెట్లు పక్కపక్కన పెట్టి, నాలుగింట్లో థర్మామీటరు ముంచి చూసిగానీ ట్యాంకు మూత తియ్యను. అనంతపురంలో ఉన్న రోజుల్లో కుండనీళ్ళే సరిపోయేవి. అక్కడి పొడిగాలికి కుండ బాగా చల్లబడుతుంది. కోస్తాలో గాలికే చెమ్మ ఎక్కువ, కుండ ఆ పని అంతగా చెయ్యదు, మంచు కొనాల్సిందే.

మరుసటి శివరాత్రికి అదే ఊరు వెళ్ళాను. అదే ట్యూబులైటు, అదే ఎర్ర బల్బు. ఈసారి ముందుగా వేదిక పక్కకు వెళ్ళి, నటుణ్ణి అడిగి, కంబళి మీద మీటరు పెట్టి చూశాను. మీటరుకు దేన్ని చూపినా దాన్ని బూడిదరంగు చెయ్యమంటుంది గనక, కంబళి నల్లగానే ఉండాలని, అది చెప్పినదానికంటే రెండు స్టాపులు తగ్గించాను. లెక్క మళ్ళీ ఎఫ్ 2, 30వ వంతు సెకను దగ్గరికే వచ్చింది. 400 దగ్గరికే వచ్చినట్టు. కదిలే మనిషిని 30వ వంతుతో ఎలా పట్టాలి?

కిందటేడు నేను రీలంతా కొడుతూ గమనించని విషయం ఒకటుంది. పద్యనాటకంలో నటుడు పద్యం చదివేటప్పుడు నడుస్తాడు, చెయ్యి తిప్పుతాడు, కర్ర నేలకు కొడతాడు. చివరి పాదం దగ్గర రాగం ఎత్తుకున్నాక మాత్రం కదలడు. హార్మోనియం పక్కనే ఉంటుంది, చెయ్యి గాల్లో నిలుస్తుంది, కళ్ళు మూతపడతాయి, జనం ఊపిరి బిగబడతారు. ఆ రాగం పది సెకన్లుండొచ్చు, ఇరవై ఉండొచ్చు. ఒన్స్‌మోర్ అంటే మళ్ళీ ఉంటుంది. పందిరి గుంజకు భుజం ఆనించి, ఊపిరి వదిలాక షట్టరు నొక్కాను. ఆ రాత్రి రీలులో పదహారు ఫ్రేములే వాడాను. ఎర్ర బల్బు వైపుకు తిరిగినప్పుడు షట్టరు 15వ వంతుకు తగ్గించాను, వాటిలో రెండు కదిలిపోయాయి.

ఏడున్నర నిమిషాలు కడిగాను. ఆరిన రీలును అదే కిటికీకి పట్టుకుని చూస్తే ముఖం కిందటేటి అంత నల్లగా లేదు, బూడిదరంగులో నెమ్మదిగా ఉంది. భుజం దగ్గర ఫిల్ము పారదర్శకంగా లేదు. పలచటి పొగలాంటి మరక కనబడింది. భూతద్దం పెట్టి చూశాను. మరకలో అడ్డంగా, సన్నగా, ఒకదాని కింద ఒకటి గీతలు. మగ్గం మీద ఉన్ని దారం ఎక్కడ ముడిపడిందో అక్కడ ఒక చుక్క. వేపకొమ్మ కనబడలేదు.